30 మీటర్లని రాసుంటే చెరువులోకి దిగొచ్చనుకున్నా

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో పండగ ఆఫర్ల పేజీలో వాచీల గురించి వేశారు. రంగులు, మోడళ్ళు, ఎంత తగ్గింపు అన్నీ ఉన్నాయి గానీ ఏ వాచీ ఎన్నాళ్ళు మన్నుతుంది, నీళ్ళకీ చెమటకీ ఆగుతుందా అన్న ముక్క ఒక్కటీ లేదు, అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. మాది పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ళ మండలం, రొయ్యల చెరువులు చేస్తాం, ముందు టైగర్ రొయ్య వేసేవాళ్ళం, వనామీ రకానికి పర్మిషన్లు వచ్చాక అందరితో పాటు మేమూ దాంట్లోకి వచ్చేశాం.

ఫోన్ ఉందిగా ఇంకా వాచీ ఎందుకూ అని మా ఇంట్లో కుర్రాళ్ళే అంటారు. చెరువు పని తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరండి. పొద్దున్న ఆరింటికి ఓ మేత, పదింటికి ఓ మేత, మధ్యాహ్నం రెండింటికి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నాయి ఎంత మిగిలింది చూసుకుని దాన్నిబట్టి తర్వాతి మేత పెంచాలా తగ్గించాలా తేల్చుకోవాలి. ఆ చూసుకోవడం అరగంట అటూ ఇటూ అయితే లెక్క తప్పుతుంది, ఎక్కువ పడిన మేత అడుక్కి చేరి కుళ్ళుద్ది, అమ్మోనియా వస్తుంది. ఇదంతా మోచేతిదాకా తడిసిన చేతుల్తో, మేత పిండి అంటుకున్న వేళ్ళతో చేసే పని, పడవ మీద నిలబడి జేబులోంచి ఫోన్ తీస్తే అది ఏదో ఒకరోజు చెరువులో పడుద్ది, మా గట్టు మీద వాళ్ళవి ఎన్ని పడ్డాయో లెక్కలేదు. అందుకే వాచీ మాకు మోజు కాదండి, పారా పలుగుల్లాగా అదీ ఓ పనిముట్టు.

మూడేళ్ళ కిందట మా కాపలా కుర్రాడికి ఓ వాచీ కొనిచ్చా. ముళ్ళున్నదే, స్టీల్ చైను, చూడ్డానికి గట్టిగా బరువుగా ఉంది, డయల్ మీద వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు అని రాసుంది. నేనేం అనుకున్నానంటే మా చెరువు లోతు మహా అయితే అయిదడుగులు, దీని మీద 30 మీటర్లని ఉంది కాబట్టి దీనికి ఢోకా లేదనుకున్నా. ఎవరైనా అలాగే అనుకుంటారు కదండి? రెండో నెలకల్లా అద్దం లోపల ఆవిరి పట్టింది, ఎండలో పెడితే పోయేది, తెల్లారేసరికి మళ్ళీ వచ్చేది, వాడూ నాకు చెప్పలేదు, నేనూ పట్టించుకోలేదు.

మాకు చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు నాలుగున్నాయి, రాత్రి పదింటికి వాటిలో రెండు వేస్తాం, తెల్లవారుజామున రెండు గంటలకి మిగతా రెండూ వెయ్యాలి, ఎందుకంటే రాత్రంతా నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది, తెల్లవారుజామున మరీ అడుగంటుద్ది. ఓ రాత్రి ఆ కుర్రాడు షెడ్డులో లేచి టార్చి వేసి చూసుకుంటే ఒంటిగంట నలభై. ఇంకా ఇరవై నిమిషాలుందిలే అని మంచం మీద అలా వాలి, కాసేపున్నాక మళ్ళీ చూసుకుంటే అప్పుడూ ఒంటిగంట నలభయ్యే. సెకన్ల ముల్లు కదలట్లేదు. వాడు బయటికి పరిగెత్తేటప్పటికి రొయ్యలు పైకొచ్చి గట్టు వారకి చేరి ఉన్నాయట, అప్పటికి నాలుగు దాటింది. ఉన్నవన్నీ వేసి, నాకు ఫోన్ కొట్టి, నేను పక్క చెరువు వాళ్ళ జనరేటర్ కూడా తెప్పించి తెల్లారేదాకా తిప్పితే సగం పైన రొయ్య బతికింది. పోయినదాన్ని తట్టల్తో ఎత్తించేటప్పుడు ఆ కుర్రాడు ఏడ్చాడండి. తప్పు వాడిది కాదు, నిద్రపోయినందుకు కాదు అది జరిగింది, చేతికున్నది చెప్పిన టైం వాడు నమ్మాడు, అంతే.

కొన్న షాపుకి వారంటీ కాగితం పట్టుకుని వెళ్తే నీళ్ళు దిగితే వారంటీ వర్తించదండీ అన్నారు. నీళ్ళు తట్టుకుంటుందని మీదే రాశారు కదా అంటే అది మామూలు వాడకానికండీ, చెయ్యి కడుక్కునేటప్పుడు పడే చుక్కలకి అన్నారు. కాగితం వెనక్కి తిప్పి చూస్తే నిజంగానే ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. పేరు రాయను, అడ్రస్ కూడా వద్దు, ఎందుకంటే ఇది ఒక్క షాపు సంగతి కాదు.

అక్కణ్ణుంచి భీమవరం బజార్లో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తీసి నా ముందే పెట్టాడు. మూత చుట్టూ నల్ల వాషర్ ఒకటి ఉంటుంది, సన్న దారమంత లావు, అది ఒకచోట మడతపడి నొక్కుకుపోయి ఉంది, దాని పక్కన తెల్లగా ఉప్పు పేరుకుంది, సెల్ అంచున ఆకుపచ్చ తుప్పు. గోరుతో ఆ ఉప్పు గీకి చూపించి ఇదిగో బాబూ నీ 30 మీటర్లు ఇక్కడ ఉంది, ఈ వాషర్లో, ఇది మెత్తగా ఉన్నంతకాలమే నీళ్ళాగుతాయి అన్నాడు. ఆ మాట నాకు అప్పట్నుంచీ గుర్తుండిపోయింది. ఆయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, తర్వాత చదువుకున్నదీ నలుగురికీ చెప్పాలనే ఇదంతా.

డయల్ మీద 30 మీటర్లు, 3 బార్ రెండూ ఒకటే, బార్ అంటే ఒత్తిడి కొలత. ఆ లోతుకి దిగొచ్చని కాదు దానర్థం, కొత్త వాచీని కదలకుండా ఉంచి అంత లోతులో ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడి కాసేపు పెట్టి చూశారని. దీనికి ఐఎస్‌ఓ 22810 అని 2010లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, దాని ప్రకారం ప్రతి వాచీనీ పరీక్ష చెయ్యక్కర్లేదు, కొన్ని తీసి చూస్తే చాలు. నీళ్ళల్లో దిగి పనిచేసే డైవర్ల వాచీలకి వేరే ప్రమాణం, ఐఎస్‌ఓ 6425, దాంట్లో మాత్రం కనీసం 100 మీటర్లు, ప్రతి వాచీనీ చూడాలి. కాబట్టి 30 అంటే వాన చినుకు, మొహం కడుక్కోవడం, అంతవరకే. రోజూ నీళ్ళల్లో చెయ్యి పెట్టే మాలాంటివాళ్ళు, చేపల మార్కెట్లో చేసేవాళ్ళు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, బండ్లు కడిగేవాళ్ళు 100 మీటర్లు లేదా 10 బార్ అని ఉంటేనే కొనండి, అంతకి తక్కువ వద్దు. అంకె ఏమీ లేకుండా ఉత్తి వాటర్ రెసిస్ట్ అని మాత్రమే ఉంటే దాన్నీ 30 మీటర్ల వాచీలాగే లెక్కేసుకోండి.

10 బార్ ఉన్నా సరే నీళ్ళల్లో చెయ్యి ఉన్నప్పుడు బటన్ నొక్కకూడదు, కీ లాగకూడదు. ఎండలో కాలిపోయిన వాచీని ఒక్కసారిగా చల్లటి నీళ్ళల్లో ముంచితే లోపలి గాలి ముడుచుకుని తేమని లాక్కుంటుంది, మా పని సరిగ్గా అదే కదా, పడవ మీద రెండు గంటలు ఎండ, ఆ వెంటనే నీళ్ళు. సబ్బు, వేణ్ణీళ్ళు, మేం చెరువులో కొట్టే బ్లీచింగ్ ఇవన్నీ వాషర్ని గట్టిపడేలా చేస్తాయి. సాయంత్రం పని అవగానే మంచినీళ్ళతో ఓసారి కడిగి తుడవడం ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలా మట్టుకు కాపాడుకోవచ్చు.

అందరూ మోసపోయే చోటు ఇంకోటుందండి, సెల్ మార్పించడం. యాభై రూపాయలకి రోడ్డు పక్కన మూత ఊడబీకి సెల్ వేసి బొటనవేలితో నొక్కి ఇచ్చేస్తారు, వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూడరు, ఆ రోజుతో దాని 100 మీటర్లూ పోయినట్టే. సెల్ మార్చినప్పుడల్లా వాషర్ కూడా చూడమని, గట్టిపడితే కొత్తది వెయ్యమని, కొంచెం సిలికాన్ గ్రీజ్ రాయమని అడగండి, ఇంకో వందో రెండొందలో అవుద్ది, అడగడానికి మొహమాటపడొద్దు. ఆగిపోయిన వాచీని సెల్‌తో సహా బీరువాలో పడెయ్యకండి, ఆ సెల్ కారి లోపల మొత్తం తినేస్తుంది. ఈ బాధ తగ్గాలంటే 10 ఏళ్ళ సెల్ వచ్చే డిజిటల్ వాచీలు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి, మూత తక్కువసార్లు తీస్తాం కాబట్టి నీళ్ళ భయం కూడా అంత తక్కువ.

నేను ఇప్పుడు పెట్టుకునేది అలాంటిదే. ప్లాస్టిక్ బాడీ, వెనక నాలుగు స్క్రూల మూత, 10 బార్, అయిదు అలారాలు. నాలుగు మేతలకి నాలుగు, రాత్రి రెండింటికి ఒకటి, చెక్ ట్రేకి టైమర్ వేరే ఉంది. రెండు వేల చిల్లర పడింది, కుర్రాళ్ళిద్దరికీ కూడా అదే కొన్నా. బరువుగా ఉంటే గట్టిదని అనుకోకండి, చవక చైను వాచీల్లో చాలావాటికి లోపల ఇత్తడో జింకు మిశ్రమమో, పైన పూత, ఉప్పు చెమట తగిలితే ఆరు నెలలకే పూత లేస్తుంది. స్టీల్ కావాలంటే తుప్పు తక్కువ పట్టే 316ఎల్ రకం అని ఉందేమో అడగండి. అద్దం గురించి మాత్రం పెద్దగా కంగారు పడక్కర్లేదు, నీలమణి అద్దం అని పిలిచే సఫైర్ అద్దానికి ఇసక గీతలు పడవు నిజమే, కానీ గట్టిగా తగిలితే పగులుద్ది, ధరా ఎక్కువ. మాకు గీతలు పడితే పడనియ్యండి, టైం కనపడితే చాలు. బెల్టు కొలత మాత్రం 18, 20, 22 మిల్లీమీటర్లు లాంటి మామూలు సైజులో ఉండేది చూసుకోండి, దానికే ప్రత్యేకంగా కోసిన బెల్టయితే అది చిరిగిన రోజున వాచీ బాగున్నా పక్కన పడెయ్యాల్సి వస్తుంది.

బజార్లో కాసియో వాళ్ళ గట్టి వాచీ జీ-షాక్‌లాగా కనపడే కాపీలు మూడొందలకి అమ్ముతారు, కుర్రాళ్ళు మోజు పడతారు. అసలుది 1983లో వచ్చింది, కికువో ఇబే అనే ఇంజినీరు తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి పగిలిపోతే పది మీటర్ల ఎత్తు నుంచి పడ్డా, 10 బార్ నీళ్ళల్లో ఉన్నా, సెల్ పదేళ్ళు వచ్చేలా ఉండాలని పంతం పట్టి రెండొందల పైచిలుకు నమూనాలు పగలగొట్టుకుని చేశాడట. కాపీకి ఆ ఆకారం వస్తుంది, లోపల ఆ వాషర్ రాదు.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి స్మార్ట్ వాచీ పంపాడు, ప్రేమగా పంపాడు, కాదనలేదు. కానీ తడి వేలితో తాకితే పలకదు, రెండ్రోజులకోసారి ఛార్జింగు, మాకు కరెంటు పోయే రాత్రే కదా దాంతో పని ఉండేది. పెళ్ళిళ్ళకి పెట్టుకుంటున్నా.

మా నాన్నది హెచ్‌ఎంటీ జనతా. పొద్దున్నే మడికట్టుకున్నంత శ్రద్ధగా కీ ఇచ్చేవాడు, చేలోకి దిగే ముందు విప్పి తువ్వాల్లో చుట్టి గట్టు మీద చెప్పుల్లో పెట్టేవాడు, అద్దం గీతలు పడితే టూత్‌పేస్ట్ రాసి గుడ్డతో రుద్దేవాడు. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో బెంగళూరులో మొదలైన వాచీల ఫ్యాక్టరీ వాళ్ళది, ఆ వాచీల కంపెనీని 2016లో మూసెయ్యడానికి కేంద్రం ఒప్పేసుకుంది. ఆ కంపెనీని మూసేసినా మా నాన్న వాచీ ఇప్పటికీ నడుస్తోంది, ఎందుకంటే దాన్ని విప్పి బిగించగల మనిషి మా భీమవరంలో ఇంకా ఉన్నాడు. అందుకే నేను ఎవరికైనా ఇదే చెప్తున్నా, షోరూమ్‌కి వెళ్ళే ముందు మీ ఊళ్ళో వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి ఒకసారి వెళ్ళండి, మీ దగ్గరికి ఎక్కువ ఏవి వస్తున్నాయి, ఏవి విప్పడానికి వీలవుతుంది, దేనికి వాషర్ దొరుకుద్ది అని అడగండి. అమ్మేవాడు చెప్పనిది ఆయన చెప్తాడు.

మీకు నా విన్నపం ఏంటంటే, ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, తయారుచేసినవాళ్ళ పేరు, కంప్లైంట్ నంబరు ఉండాలని రూల్సున్నాయి, అవి వేస్తున్నారు కూడా. అలాగే చెయ్యి కడుక్కోవచ్చు, ఈత కొట్టకూడదు అని తెలుగులో పెద్దక్షరాల్లో ఒక్క లైను వెయ్యమని కంపెనీల్ని మీలాంటి పెద్ద పేపరు అడిగితే వింటారు. మాట తప్పినవాళ్ళ మీద 1915 వినియోగదారుల నంబరుకి ఫోన్ చెయ్యొచ్చని కూడా చాలామందికి తెలీదు. రోజూ మీరు కౌంటువారీగా, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన, రొయ్యల రేట్లు వేస్తారు, మా వాళ్ళందరూ పొద్దున్నే ముందు ఆ పేజీయే తిప్పుతారు, దాని పక్కన చిన్న బాక్సు కట్టి ఈ మీటర్ల లెక్క వెయ్యండి. చెరువుల్లో కొత్త రొయ్య పిల్ల వదిలే టైం దగ్గరికొచ్చింది, కాపలా కుర్రాళ్ళకి వాచీలు కొనేవాళ్ళు ఈ నెలలోనే కొంటారు, ఈ లోపు వస్తే బాగుంటుందండి.

ఇట్లు,
ఓ రొయ్యల రైతు,
కాళ్ళ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా