బ్యాటరీ బిల్లు మీద మూడు అంకెలు రాయించండి

సంపాదకులకు,

అయ్యా,

మా కారు 1998 నాటి మారుతీ 800. ఏపీ 05 నంబరు. పదిహేనేళ్లు నిండిన దగ్గర్నుంచి మూడుసార్లు ఆర్‌సీ రెన్యువల్ చేయించాను, గ్రీన్ ట్యాక్స్ కట్టాను, ఫిట్‌నెస్ కోసం ఆర్టీఓ ఆఫీసు ఎండలో నిలబడ్డాను. "అమ్మేయండి నాన్నా" అని హైదరాబాద్ నుంచి మా అబ్బాయి పండక్కి వచ్చినప్పుడల్లా అంటూనే ఉంటాడు. ఆ కారుని వెనకేసుకు రావడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బ్యాటరీ షాపుల్లో జరుగుతున్న ఒక తంతు గురించి రాస్తున్నాను.

పోయిన కార్తీకంలో అన్నవరం వ్రతానికని తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. తాళం తిప్పితే 'టక్' అని ఒక్కటే చప్పుడు. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. సెల్ఫ్, అంటే ఇంజనుని తిప్పే స్టార్టర్ మోటారు, తిరగలేదు. హెడ్‌లైట్లు మాత్రం ఎదురింటి గేటు మీద తెల్లగా పడుతూనే ఉన్నాయి. హారన్ కొడితే వీధి కుక్కలు లేచాయి. పాలబ్బాయీ, ఎదురింటాయనా వెనకనుంచి తోశారు, సెకండ్ గేర్లో క్లచ్ వదిలాను, బండి అందుకుంది. మా ఆవిడ పూజసామాను సంచీ ఒళ్లో పెట్టుకుని కాకినాడ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రత్నగిరి మీద వాలు చూసుకుని పెట్టాను కాబట్టి తిరుగు ప్రయాణంలో తోసేవాళ్లని వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

మర్నాడు ఒక బ్యాటరీ షాపుకి వెళ్లాను. పేరు అనవసరం. బానెట్ ఎత్తకుండానే "బ్యాటరీ వేసి ఎన్నేళ్లయిందండీ?" అన్నారు. మూడేళ్లు దాటిందన్నాను. "అయితే అయిపోయినట్టేనండి." అంతే, పరీక్ష ముగిసింది. పాతదానికి 800 రూపాయలు తగ్గించుకుని, కొత్తది 35 ఆంపియర్ అవర్లది బిగించి 3,200 తీసుకున్నారు.

ఇరవై రెండు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత భానుగుడి సెంటర్లో మళ్లీ టక్.

అదే షాపుకి వెళ్తే ఈసారి "డైనమో పోయిందండి, మార్చెయ్యాలి" అన్నారు. డైనమో అంటే ఇంజను నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరే, పాత అలవాటు కొద్దీ మన మెకానిక్కులు అలాగే పిలుస్తారు. అది పోయిందని తేల్చిన పద్ధతి చూసి నాకు గుండె జారింది. ఇంజను నడుస్తుండగా ఒక కుర్రాడు వచ్చి బ్యాటరీ టెర్మినల్ లాగేశాడు! అంబాసిడర్, ఫియట్ బళ్లకు నిజంగా డైనమో, దాన్ని బ్యాటరీతో కలిపీ విడదీసే కటౌట్ ఉన్న రోజుల్లో అలా చూసేవాళ్లు. ఆల్టర్నేటర్ ఉన్న బండికి అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి లోపలి డయోడ్లూ రెగ్యులేటరూ కాలిపోవచ్చు. బాగున్నదాన్ని చెడగొట్టి, చెడిందని చూపించడమన్న మాట. కుర్రాణ్ణి ఏమీ అనను, వాడికి నేర్పినవాళ్లు అలా నేర్పారు.

డైనమో మార్పించలేదు. జగన్నాథపురం వంతెన దగ్గర ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయన బానెట్ ఎత్తే ముందు ఒక్కటే ప్రశ్న వేశాడు. "మాస్టారూ, టక్కుమన్నప్పుడు లైట్లు తగ్గుతున్నాయా?"

"లేదు, తగ్గట్లేదు."

"మరి బ్యాటరీ మీద పడ్డారేంటండీ?"

తర్వాత చిన్న మల్టీమీటరు తీశాడు. బండి ఆగి ఉండగా బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 పైన ఉండాలి, అంటే చార్జింగ్ సరిగా అందడం లేదు. ఇంజను నడుపుతూ హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ వేయించాడు. ఆల్టర్నేటర్ నుంచి కరెంటు బయటికొచ్చే బోల్టుకీ దాని ఒంటికీ మధ్య పెడితే 14.2. బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి 13.3. డైనమో తన పని తాను చేస్తోంది, బ్యాటరీ దాకా వచ్చేలోపే దారిలో 0.9 వోల్టు ఎక్కడో ఇంకిపోతోంది. మార్కెట్టుకీ గుడికీ మూడేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ మాత్రం చార్జింగు ఏ మూలకీ చాలదు.

తర్వాత మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పిన్ను ఇంజను ఇనుము మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ఆ రోజు టక్ అనలేదు, మూలుగుతూ తిరిగింది. మీటరు 3 వోల్టులు చూపించింది. ఆ రెంటి మధ్యా అర వోల్టు కూడా ఉండకూడదు. బ్యాటరీ దగ్గర మాత్రం అప్పుడూ 11.4 నిలబడే ఉంది. బ్యాటరీయే చచ్చి ఉంటే అది ఏ ఎనిమిదికో పడిపోవాలి.

జబ్బు ఎర్త్ వైరుది. కారులో కరెంటు వెళ్లడానికి వైరు వేస్తారు, తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. కానీ ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కనుక దాన్ని బ్యాటరీ నెగెటివ్‌తో కలపడానికి విడిగా లావుపాటి వైరు వేసి గేర్‌బాక్స్‌కి బిగిస్తారు. మాది సముద్రం ఊరు, ఉప్పుగాలి. బోల్టు విప్పితే వైరు చివర బోల్టుకి పట్టే లగ్గు కింద పచ్చటి చిలుము అట్ట కట్టి ఉంది. స్టార్టర్ కరెంటు వెనక్కి వచ్చేదీ ఆ దారినే, ఆల్టర్నేటర్ కరెంటు మళ్లేదీ ఆ దారినే. అందుకే స్టార్టింగూ చార్జింగూ రెండూ ఒకేసారి మూలపడ్డాయి. లైట్ల ఎర్త్ బాడీకి కదా, అవి దర్జాగా వెలిగాయి.

ఇంకో చిత్రం. ఏడాదిలో రెండుసార్లు యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయి మార్పించాను. "మీ కాలు బరువండీ" అని వేరే మెకానిక్కు నన్ను ఆట పట్టించాడు. ఈ పెద్దాయన విని నవ్వాడు. సరైన దారి మూసుకుపోతే కరెంటు ఇంజనుకీ బాడీకీ మధ్య దొరికిన ఇనుము పట్టుకుని పోతుందట. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఆ సన్నటి కేబుల్ కాలుతూ వచ్చింది.

ముప్పై ఏళ్లు పదో తరగతికి ఓమ్ నియమం చెప్పినవాణ్ణి. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. సెల్ఫ్ వంద ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 3 వోల్టులు పోవడానికి ఓమ్‌లో నూటికి మూడు వంతుల నిరోధం చాలు. అంత కొంచెం నిరోధాన్ని మామూలు మీటరు ఓమ్‌ల మీద పెట్టి పట్టుకోలేం, సున్నాలాగే కనపడుతుంది. కరెంటు పారుతుండగా వోల్టేజీ చూస్తేనే దొరుకుతుంది. పిల్లల చేత ఎన్ని లెక్కలు చేయించానో, నా బానెట్ కింది లెక్క మాత్రం నాకు తట్టలేదు.

కొత్త ఎర్త్ వైరు 180, కూలి 150. చిలుము గీకి, ఇనుము మెరిసేదాకా ఎమెరీ కాగితం పట్టి, బిగించి పైన వాజలైన్ రాశాడు. మొత్తం 330 రూపాయలు.

నా 3,200 సంగతి అలా ఉంచండి. ఇంకా రెండేళ్లు వచ్చేదేమో అనిపించే ఆ పాత బ్యాటరీ ఇప్పుడు ఎక్కడ సీసమై కరుగుతోందో. కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. మంచిదే. కానీ బతికున్నదాన్ని పంపమని వాటిలో లేదు కదండీ.

నేను కోరేది చిన్న విషయం. బ్యాటరీ అమ్మేవాళ్లు బిల్లు మీద మూడు అంకెలు రాయాలి. బండి ఆగి ఉండగా ఎంత, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత, ఇంజను నడుస్తూ లైట్లు వేసి ఉండగా ఎంత. అయిదు నిమిషాల పని. మొదటిది 12.6 దరిదాపుల్లో ఉండాలి, రెండోది పదికి బాగా దిగువకి పోకూడదు, మూడోది సాధారణంగా 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఆ అంకెలు పాత బ్యాటరీ మీదే, అమ్మకానికి ముందే తీయాలి. కొత్తది బిగించాక తీస్తే ఏం లాభం? రవాణా శాఖ దీన్ని నియమం చేస్తుందో, వినియోగదారుల సంఘాలు పట్టించుకుంటాయో, అది పెద్దలకు వదిలేస్తున్నాను. ఈలోగా బండి ఉన్నవాళ్లు బిల్లు తీసుకునే ముందు నోరు తెరిచి అడగొచ్చు. కొలవనన్నవాడి దగ్గర కొనక్కర్లేదు.

లైట్ల ప్రశ్న కూడా గుర్తుపెట్టుకోండి. సెల్ఫ్ కొట్టగానే లైట్లు మసకబారి ఆరిపోతున్నాయంటే బ్యాటరీనో, టెర్మినళ్లనో అనుమానించాలి. లైట్లు చెక్కుచెదరకుండా ఉండి టక్ మాత్రమే వస్తోందంటే ముందు ఎర్త్ వైరు, తర్వాత సెల్ఫ్ మోటారు చూపించండి. డైనమో బెల్టు వదులైతే చార్జింగ్ తగ్గుతుంది, అది చేత్తో నొక్కి చూసినా తెలుస్తుంది, ఇంజను ఆపి చూడండి సుమా.

నేనూ ఒక మల్టీమీటరు కొనుక్కున్నాను. ఈ ఉదయం మా కారు అంకెలు 12.6, 10.7, 14.1. మా ఆవిడ వాటిని కేలెండర్ మీద పాల లెక్క పక్కన రాసిపెట్టింది.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
రామారావుపేట, కాకినాడ