అవి వట్టి రాడ్లేనని ఒక్క లైను రాసివ్వండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

బెంగళూరు పీణ్య నుంచి ఒక చిన్న యూనిట్ నడుపుకునేవాడు నమస్కరించి రాసుకునేది. పేస్‌మేకర్ విడిభాగాల కోసం తెప్పించుకున్న లోహపు రాడ్లు కార్గో గోడౌన్‌లో ఇరుక్కుపోయాయని మొరపెట్టుకుంటున్న అయిదో ఉత్తరం ఇది. ముందు నాలుగింటి మీదా మీ కార్యాలయం ముద్ర ఉంది, తేదీ ఉంది, ఎవరిదో సంతకం ముక్క కూడా ఉంది. జవాబు ఒక్కటే లేదు. పోర్టల్లో పెట్టిన రెండు ఫిర్యాదులకీ 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో నాక్కూడా చెప్పుంటే మా స్టాఫ్‌కి మైసూర్‌పాక్ పంచేవాణ్ని. తలుపు కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టి, ఇప్పుడిలా నలుగురూ వినేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి. అనుకున్నా పరవాలేదు, కనీసం చదివారని తెలుస్తుంది.

పథకాల సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఇక్కడ తయారు చేసేవాళ్లకి ప్రోత్సాహకమిచ్చే 3,420 కోట్ల పీఎల్‌ఐ పథకంలో ఇంప్లాంట్లున్నాయి, ఎలక్ట్రానిక్ ఇంప్లాంట్లు కూడా అందులోవే. 2024 నవంబరులో వచ్చిన 500 కోట్ల స్కీములో కీలకమైన విడిభాగాలు, ముడిసరుకు ఇక్కడే తయారు కావాలని రాసుంది. ఆ పేజీ ప్రింటు తీసి, 'విడిభాగాలు' అన్న మాట కింద పసుపు గీత గీసి మా షాపు గోడకి అంటించాను. ఇప్పుడు దాని మీద కూలెంట్ నూనె మరకలు పడ్డాయి. గీత మాత్రం ఇంకా కనిపిస్తోంది.

ఆ మాటని నమ్మే ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి సన్న ముక్కల్ని కచ్చితంగా చెక్కే స్లైడింగ్ హెడ్ లేత్ రెండోది కొన్నాను.

మేం చేసేది చిన్న ముక్క సార్. ఒక పిన్ను, ఒక రింగు. పేస్‌మేకర్ డబ్బాలోకి లీడ్, అంటే గుండెకి కరెంటు తీసుకెళ్లే తీగ, దూరే చోట ఉండే కనెక్టర్. ఐఎస్-1 అంటారు, మొత్తం లావు 3.2 మిల్లీమీటర్లు. అందులో పిన్ను దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. దారం రీలులోకి దూర్చే సూదంత ముక్కకి ఇంత గోలేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో కూడా అదే అంటారు.

కానీ చూడండి. డబ్బాలో బ్యాటరీ ఎనిమిదేళ్లకో పదేళ్లకో అయిపోతుంది. అప్పుడు చర్మం కోసి పాత డబ్బా తీసేసి కొత్తది పెడతారు. లీడ్ సంగతి అలా కాదు. అది గుండె కండరానికి అతుక్కుపోయి ఉంటుంది, దాన్ని లాగడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అందుకని పాత లీడ్ కొసనే కొత్త డబ్బాలో గుచ్చి స్క్రూ బిగిస్తారు. అంటే ఈ నెల మా లేత్ మీద తిరిగిన పిన్ను, పదేళ్ల తర్వాత, ఇంకా డ్రాయింగ్ కూడా గీయని డబ్బాలో ఇరుకు లేకుండా, వదులు లేకుండా కూర్చోవాలి. ఒకప్పుడు ఈ కొసలు కంపెనీకో సైజులో ఉండేవి. కొన్ని 5 మిల్లీమీటర్లు, కొన్ని 6. ఒకదానిలో ఒకటి పట్టక మధ్యలో అడాప్టర్లు పెట్టి డాక్టర్లు తంటాలు పడేవాళ్లు. ఆ తలనొప్పి పోవడానికే అందరూ కూర్చుని ఒక కొలతకి ఒప్పుకున్నారు, 1992లో అది ఐఎస్‌ఓ 5841-3గా అచ్చయింది. పోటీ కంపెనీలు కూడా ఒక కాగితం మీద ఒక మాటకి రాగలిగాయని మాత్రం మీరు గమనించాలి.

మా దగ్గర ఇన్‌స్పెక్షన్ చేసేది హిందూపురం అమ్మాయి. పిన్నుని మైక్రోస్కోపు కింద పెట్టి, వేలి కొసలతో నెమ్మదిగా చుట్టూ తిప్పుతుంది. అంచున వెంట్రుక మందం కూడా లేని బర్, అంటే కోతలో మిగిలిన లోహపు ముల్లు, కనిపిస్తే మాట్లాడకుండా ఎడమ చేతి పక్కనున్న ఎర్ర ట్రేలో వేసేస్తుంది. నేను పక్కన నిలబడి "అది పరవాలేదేమోనమ్మా" అంటే తల కూడా ఎత్తదు. ఆమే కరెక్టు. ఆ బర్ మీదుగా సిలికోన్ సీలు తొడిగితే సీలు లోపల గీత పడుతుంది. ఆ గీతలోంచి ఒంట్లోని నీరు లోపలికి దూరుతుంది, గుండెకి పోవాల్సిన కరెంటు పక్కదారి పడుతుంది. పిన్ను కొంచెం సన్నమైతే ఇంకో గొడవ. స్క్రూ సరిగా పట్టదు, మనిషి కదిలినప్పుడల్లా కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు పుట్టే కరెంటు గరగరని డబ్బా గుండె చప్పుడే అనుకుని, 'ఇది బాగానే కొట్టుకుంటోందిలే' అని తన పని ఆపేస్తుంది. షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ అయితే ఇంకా ఘోరం. గుండె అదుపు తప్పిందనుకుని మెలకువగా ఉన్న మనిషికి ఏడెనిమిది వందల వోల్టుల దెబ్బ కొడుతుంది. గుండె రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది కదండీ, ఆ లెక్కన మా పిన్ను సెలవు లేకుండా పని చేయాలి.

ఇదంతా కార్గోలో అధికారికి కూడా చెప్పాను. ఆయన ఆవులించారు.

ఇక అసలు సంగతి. ఈ పిన్ను మామూలు స్టీలుతో చెయ్యరు. ఎంపీ35ఎన్ అనే లోహం కావాలి. నికెల్ 35 పాళ్లు, కోబాల్ట్ 35, క్రోమియం 20, మాలిబ్డినం 10, స్థూలంగా అంతే. ఒంట్లో ఉప్పునీటికి తుప్పు పట్టదు, లక్షలసార్లు వంగినా విరగదు. మిషన్ మీద మాత్రం రాక్షసి. టూల్ కాస్త తడబడితే చాలు, అక్కడికక్కడే గట్టిపడిపోయి టూల్ మొనని తినేస్తుంది. హైదరాబాదులో మిధాని ఉంది, సూపర్ అల్లాయ్‌లు పోసే పెద్ద సంస్థ, కాదనను. కానీ నాకు కావాల్సింది సన్న రాడ్లు, 14 కిలోలు. 14 కిలోల కోసం ఎవరు కొలిమి వెలిగిస్తారు? అందుకని బయటి దేశం నుంచి తెప్పించాను. మార్చి 4న దిగాయి. ఈ ఉత్తరం రాసే రోజుకి 97 రోజులు. ఇంకా కార్గో గోడౌన్‌లోనే ఉన్నాయి.

ఎందుకో వినండి. పంపినవాళ్లు ఇన్వాయిస్ మీద 'ఇంప్లాంట్ లీడ్ కనెక్టర్ల కోసం' అని రాశారు. నిజమే రాశారు. మొదటి అధికారి అది చూసి, "గుండెలో పెట్టేదా? అయితే మెడికల్ డివైస్, వాటిని చూసే అవతలి ఆఫీసు ఎన్‌ఓసీ కావాలి" అన్నారు. అవతలి ఆఫీసుకి వెళ్లాను. అక్కడాయన ఫోటో చూసి నవ్వారు. "ఇవి రాడ్లు కదయ్యా, డివైస్ ఎలా అవుతుంది? మా పరిధిలోకి రాదు" అన్నారు. సంతోషం, అదే ముక్క రాసివ్వండి సార్ అన్నాను. ఆయన చెప్పింది యథాతథంగా రాస్తున్నాను, ఒక్క అక్షరం కలపలేదు: "మా పరిధిలో లేనిదాని గురించి మేమెలా రాస్తాం?"

మళ్లీ మొదటాయన దగ్గరికి. "పరిధిలో లేదని కాగితం తెస్తే అయిదు నిమిషాల్లో వదిలేస్తా" అన్నారు. మళ్లీ రెండో ఆయన దగ్గరికి. పీణ్య నుంచి అటు గంటన్నర, ఇటు గంటన్నర. ఇలా 11 సార్లు తిరిగాను. ఏడోసారి ఎవరో సలహా ఇచ్చారు, టెస్ట్ లైసెన్సు తీసుకో, ఎండీ-12 ఫారం నింపు అని. నింపడానికి కూర్చున్నాను. డివైస్ పేరు అడుగుతుంది, దేనికి వాడతారో అడుగుతుంది. నా దగ్గర డివైస్ లేదు మహాప్రభో, డివైస్‌లో ఒక ముక్కకి పనికొచ్చే లోహం ఉంది, అదీ నా దగ్గర లేదు, మీ గోడౌన్‌లో ఉంది! 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ తెచ్చుకుని రెండు రాత్రులు చదివాను. పేస్‌మేకర్ క్లాస్ డి, అంటే అన్నిటికంటే కఠినమైన తరగతి. ఉండాల్సిందే, నేను దానికి వ్యతిరేకం కాదు. లీడ్ చేసేవాడు, డబ్బా చేసేవాడు ఆ లైసెన్సు తీసుకోవాలి. వాళ్లకి పిన్ను చేసిచ్చే నాలాంటి వాడికి ఏ కాగితం కావాలి, అసలు కావాలా వద్దా, ఇది అడిగితే ఒక్కరూ రాతలో చెప్పరు. నోటితో మాత్రం అందరూ చెబుతారు, ఒక్కొక్కరు ఒక్కోలా.

అనుభవమున్న మిత్రుడొకరు చెవిలో చెప్పాడు. "పిచ్చోడా, ఇన్వాయిస్ మీద 'జనరల్ ఇంజినీరింగ్ రాడ్లు' అని రాయించుకోవాల్సింది, సాయంత్రానికి షాపులో ఉండేవి." నాకు తెలుసు సార్. కానీ ప్రతి రాడ్డుకీ హీట్ నంబరు ఉంటుంది. ఏ రోజు ఏ కొలిమిలో కరిగించిన లోహమో దానితో తెలుస్తుంది. ఆ నంబరు మా రిజిస్టరులోకి, అక్కడి నుంచి లీడ్ చేసే కంపెనీ రికార్డులోకి, చివరికి ఏ పేషెంటులో ఉందో అక్కడిదాకా వెళ్లాలి. రేపు ఒక పిన్ను విరిగితే ఆ కొలిమిలో పుట్టిన మిగతావన్నీ ఎవరెవరి ఒంట్లో ఉన్నాయో వెతికి పట్టుకోవడానికి. ఆ గొలుసు మొదటి లింకులోనే నన్ను అబద్ధం రాయమంటారా? రాసుంటే ఏ ఇబ్బందీ లేదు. నిజం రాసినందుకు 97 రోజులు.

ఏప్రిల్‌లో పరిశ్రమవాళ్ల సమావేశం జరిగింది. పెద్ద హోటలు, మంచి భోజనం. మీ తరఫున వచ్చిన పెద్దాయన నా మాట ఓపిగ్గా విన్నారు, డైరీలో రాసుకున్నారు, "వారంలో రాతపూర్వకంగా స్పష్టత ఇస్తాం" అన్నారు. చప్పట్లు కొట్టాం. నేనే ముందు కొట్టాను. ఆ వారం ఎనిమిది వారాలైంది.

రాడ్ల ఖరీదు 2 లక్షల 60 వేలు. గోడౌన్‌లో పడి ఉన్నందుకు కట్టాల్సిన డెమరేజి లక్షా 40 వేలు దాటింది. ఇలాగే పోతే సొంత సరుకు విడిపించుకోవడం కంటే వదిలేసుకోవడమే చవక. బ్యాంకు కిస్తీ మాత్రం 5వ తారీఖున ఠంచనుగా కట్ అవుతోంది, దానికి ఏ ఎన్‌ఓసీ అక్కర్లేదు. కొత్త లేత్ మీద ఇప్పుడు ఆటో విడిభాగాల బుష్‌లు తిప్పుతున్నాం. మైక్రాన్లలో కొట్టే మిషన్‌తో బుష్‌లు! మా సెట్టర్ మొహం చూడలేకపోతున్నాను.

మా పిన్నులు 600 ట్రయల్‌కి చూస్తామన్న కంపెనీ మే నెల దాకా ఆగింది. తర్వాత మర్యాదగా మెయిల్ పెట్టింది, బయటి నుంచే తెప్పించుకున్నామని. ఆ పిన్నులు నా రాడ్ల కంటే రెండు నెలలు ఆలస్యంగా బయల్దేరాయి. నా రాడ్ల కంటే ముందే చేరాయి. పూర్తిగా తయారై వచ్చిన ముక్కకి దారి ఉంది, ఇక్కడ తయారవ్వాల్సిన లోహానికి లేదు. ఇది మీకు ఎవరైనా చెప్పారో లేదో.

మా మేనత్తకి మూడేళ్ల క్రితం పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికెళ్లినప్పుడల్లా కాలరెముక కింద ఉబ్బుని తడుముకుంటూ, "ఒరే, ఇందులో నువ్వు చేసింది కూడా ఉందిరా?" అంటుంది. లేదత్తా, అంటాను. "మరి రోజంతా ఏం చేస్తావురా అక్కడ?" అంటుంది. ఈమధ్య నా దగ్గర జవాబు ఉండటం లేదు. ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నానని చెబితే, ఎవరో అమ్మాయి కోసమనుకుంటుంది.

సబ్సిడీ అడగడం లేదు సార్. స్థలం అడగడం లేదు. చెన్నై దగ్గర ఒరగడంలో మెడికల్ డివైస్ పార్కు ఉందిగా, అక్కడికి రమ్మని చెప్పకండి, అక్కడికొచ్చినా ఈ రాడ్లు ఇదే గోడౌన్ గుండా రావాలి. నేను అడిగేది ఒక కాగితం. ఇంప్లాంటు విడిభాగాల కోసం వచ్చే లోహం లోహమే, దానికి ఎన్‌ఓసీ అక్కర్లేదని రాసివ్వండి. లేదా కావాలి, ఫలానా ఆఫీసు ఫలానా ఫారం మీద ఇస్తుందని రాసివ్వండి. లేదా, పీణ్యలో పిన్నులు చెయ్యొద్దు, బుష్‌లు చేసుకో అని రాసివ్వండి. కాదంటే కాదనే రాసివ్వండి సార్, అది కూడా జవాబే. గోడ మీది ఆ ప్రింటు తీసేస్తాను.

ఎన్‌ఓసీ అయినా, కాదన్న ఉత్తరం అయినా, చేత్తో ఇచ్చేట్టయితే ఏ కౌంటరుకి రావాలో, ఎన్నింటికి రావాలో ఒక మాట చెప్పండి. మంగళవారాలు ఆ సెక్షన్ ఆయన సీట్లో ఉండరు, అది నాకు తెలుసు. మిగతా ఏ రోజైనా పదిన్నరకల్లా అక్కడుంటాను. 14 కిలోలే కదా, ఆటో కూడా అక్కర్లేదు, బైకు మీద పెట్టుకుని వచ్చేస్తాను.

ఇట్లు,
అయిదో ఉత్తరం రాసిన మీ విధేయుడు,
పీణ్య రెండో స్టేజి, బెంగళూరు