డిస్క్ బ్రేక్ కిట్టు సూచనల కాగితంలోని తప్పులపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: పాత బోల్టుల గురించి తప్పు సూచనలు, కిట్టులో కొత్త బోల్టులు లేకపోవడం.

అయ్యా,

మా నాన్నగారు 1960లలో కొన్న కారుకు ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు బిగించుకుందామని మీ కిట్టు కొన్నాను. డిస్కులు, కాలిపర్లు (డిస్కును నొక్కిపట్టి చక్రాన్ని ఆపే భాగాలు), వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు బాగున్నాయి. నా ఫిర్యాదంతా వాటితో పాటు పెట్టిన సూచనల కాగితం గురించే.

"13 మి.మీ. సాకెట్‌తో బ్యాకింగ్ ప్లేట్ బోల్టులు నాలుగూ విప్పండి" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. బ్యాకింగ్ ప్లేట్ అంటే పాత డ్రమ్ బ్రేకు భాగాలను మోసే వెనక రేకు. ఈ కారు బోల్టులు మిల్లీమీటర్లవి కావు, అంగుళాలవి. తల కొలత అర అంగుళం, అంటే 12.7 మి.మీ. 13 సాకెట్ దాని మీద ఎక్కుతుంది కాబట్టి సరైనదే అనుకుంటాం. కానీ ఏళ్ల తుప్పుతో కరుచుకుపోయిన బోల్టు మీద బలం పెట్టగానే ఆ 0.3 మి.మీ. సందులో సాకెట్ జారి, తల అంచులు అరిగిపోతాయి. ఎడమ చక్రం రెండో బోల్టుకు అదే జరిగింది.

వెంటనే మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. "హ్యాండిల్‌కు పొడవాటి పైపు తొడిగి గట్టిగా లాగండి" అన్నారు. నమ్మి లాగాను. మూడో బోల్టు తల తెగి చేతికొచ్చింది, మొండెం చక్రాన్ని మోసే ఇరుసు, అంటే స్టబ్ యాక్సిల్‌లోనే ఉండిపోయింది. దాని నడిమధ్యన పంచ్ గుర్తు పెట్టి, సన్న బిట్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా డ్రిల్ చేసి తీయడానికి రెండు రోజులు పట్టింది. బిట్ కాస్త పక్కకు పోయినా యాక్సిల్ మరలు పాడయ్యేవి. ఆ రెండు రోజులు నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఈ కారుకు ఆ భాగం మళ్లీ దొరకడం చాలా కష్టం.

కుడి చక్రం దగ్గర మీ కాగితం పక్కన పెట్టేశాను. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చాను. పొద్దున నూనె శుభ్రంగా తుడిచి (అది మండుతుంది కాబట్టి), బోల్టు చుట్టూ ఉన్న లోహాన్ని టార్చ్‌తో కాస్త వేడి చేశాను. తర్వాత ఆరు మూలల అర అంగుళం సాకెట్ పెట్టి, ముందు బిగించే వైపు కొద్దిగా కదిలించి, అప్పుడు విప్పాను. నాలుగూ తలలు చెడకుండా వచ్చాయి. ఈ నాలుగు మాటలు మీ కాగితంలో ఎందుకు లేవు?

ఇంతకన్నా భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. "తీసిన బోల్టులతోనే కొత్త బ్రాకెట్ బిగించండి" అని రాశారు. బ్యాకింగ్ ప్లేట్ పల్చటి రేకు, మీ బ్రాకెట్ దానికి ఎన్నో రెట్లు మందం. ఆ మందం మేరకు పాత బోల్టు లోపలికి వెళ్లే పొడవు తగ్గుతుంది. చేత్తో తిప్పి లెక్కపెట్టాను: నాలుగు చుట్లకే ఆగిపోయింది. అంటే నాలుగు మి.మీ. పైచిలుకు మరలే పట్టాయి, బోల్టు లావేమో దాదాపు ఎనిమిది మి.మీ. కనీసం బోల్టు లావంత లోతైనా మర పట్టాలి కదా! బ్రేకు వేసిన ప్రతిసారీ కాలిపర్ మీద పడే బలమంతా ఈ బోల్టులే మోయాలి. తుప్పు తిని, ఒకసారి సాగదీతకు గురైన బోల్టులను అక్కడ మళ్లీ వాడమనడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే. నేను సరైన పొడవున్న కొత్త బోల్టులు వేరే తెచ్చుకుని బిగించాను. కాగితాన్ని నమ్మి పాతవే బిగించినవాళ్ల సంగతేమిటి?

నేను డబ్బు వాపసు అడగడం లేదు. ఈ కిట్టు కొన్న ప్రతి ఒక్కరికీ ఈ బోల్టుల సంగతి వెంటనే తెలియజేయండి. వాళ్లకు తగిన పొడవు, బలం ఉన్న కొత్త బోల్టులు, ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే టార్క్ వివరంతో సహా పంపండి. సూచనల కాగితం మార్చేదాకా ఈ కిట్టు అమ్మకండి. హెల్ప్‌లైన్‌లో పైపు తొడగమని చెప్పడం కూడా మాన్పించండి.

తెగిన బోల్టు, అరిగిన బోల్టు, మీ కాగితం ఫోటోలు ఈ లేఖకు జత చేశాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు