జిప్ డిస్కులు మళ్లీ తీసుకుంటున్నాం, కానీ ఇచ్చే ముందు ఇది చదవండి

అందరికీ నమస్తే. హనుమకొండ చౌరస్తా దగ్గర ఉన్న మా షాపుకు పాత జిప్ డిస్కుల్లోని ఫైళ్లు తీయించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ నెలన్నరగా "ఇప్పుడు తీసుకోవట్లేదు, తర్వాత రండి" అని చెప్పి పంపిస్తున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పరకాల నుంచి బస్సెక్కి వచ్చిన ఒక పెద్దసారును కూడా అట్లనే వెనక్కి పంపించాను, అది ఇప్పటికీ బాధగానే ఉంది. విషయం ఏంటంటే, నా చేతిలో ఒక కస్టమర్ డిస్క్ పాడైంది.

ఈ డిస్కులు చూడని వాళ్ల కోసం రెండు మాటలు. 1995లో జిప్ డ్రైవ్ మార్కెట్లోకి వచ్చేనాటికి మన చేతిలో ఉన్నది 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. జిప్ డిస్క్ ఒక్కటే 100 మెగాబైట్లు, అంటే 70 ఫ్లాపీల సరుకు. డిస్క్ పెట్టి చదివే డ్రైవ్ విడిగా బయట ఉంటుంది, ప్రింటర్ పెట్టే పోర్టుకు కేబుల్ తగిలించి వాడుకోవచ్చు, పని అయ్యాక చేతిలో పట్టుకుని ఇంకో ఆఫీసుకు పోవచ్చు. డీటీపీ, అంటే అచ్చుకు కంప్యూటర్‌లో పేజీలు తయారు చేసేవాళ్లకు అదొక వరం. పెళ్లిపత్రికలు, మేడారం జాతర పోస్టర్లు, కాలేజీ మ్యాగజైన్లు ఇక్కడ పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఫైళ్లు జిప్‌లో వేసుకుని, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లో అచ్చుకు కావాల్సిన ఫిల్ములు తీయించుకుని వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. తర్వాత 250, 750 మెగాబైట్లవి కూడా వచ్చాయి కానీ మా దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ 100వే. ఈలోపు సీడీలు, పెన్‌డ్రైవ్‌లు వచ్చేసరికి డ్రైవ్‌లు పాత సామాను కింద పోయాయి, డిస్కులు మాత్రం బీరువాల్లో ఉండిపోయాయి.

ఇప్పుడు జరిగింది చెప్తా. బతుకమ్మ పండుగకు ముందు ఒక ప్రింటింగ్ ప్రెస్ నుంచి పాత డిస్క్ ఒకటి వచ్చింది. చూడకుండా డ్రైవ్‌లో పెట్టాను. టక్... టక్... టక్ అని ఆగకుండా చప్పుడు. డిస్క్ పోయిందేమో అనుకుని తీసేసి, వరుసలో తర్వాత ఉన్న డిస్క్ పెట్టాను. అది నర్సంపేటలో ఫోటో స్టూడియో నడిపే ఒక అన్నది. అదీ టక్ టక్. అప్పుడైనా ఆగాల్సింది. ఆగకుండా, డ్రైవ్ తప్పా డిస్క్ తప్పా చూద్దామని అదే డిస్క్‌ను నా రెండో డ్రైవ్‌లో పెట్టాను, ఆ డ్రైవ్ కూడా పోయింది.

ఇది నాకు తెలియని సంగతి కాదు, అందుకే ఇంత బాధ. లోపల ఉండేది మెత్తటి ఫిల్ము లాంటి డిస్క్, డ్రైవ్‌లోని చిన్న హెడ్లు, అంటే డేటా చదివే ముక్కలు, అంచు వైపు నుంచి దాని మీదికి వస్తాయి. ట్రాక్ దొరకకపోతే వెనక్కి పోయి మళ్లీ వస్తాయి, ఆ రాకపోకల చప్పుడే మనకు వినిపించే టక్ టక్. డిస్క్ అంచు ఎక్కడన్నా చిరిగి ఉంటే హెడ్ దానికి తట్టుకుని విరుగుతుంది. విరిగిన హెడ్ తర్వాత పెట్టే మంచి డిస్క్ అంచును చీరుతుంది. ఆ చిరిగిన డిస్క్ ఇంకో మంచి డ్రైవ్‌లోకి పోతే దాని హెడ్లనూ విరుస్తుంది. అంటే ఇది అంటురోగం లాంటిది. అమెరికాలో 1998లోనే ఈ చప్పుడు మీద జిప్ డ్రైవ్‌లు తయారు చేసే ఐయోమెగా కంపెనీ పైన కేసు కూడా పడింది. ఇన్ని తెలిసి, ఆ రోజు పని ఎక్కువుందని తొందరపడ్డాను. తప్పు నాదే.

ఆ సాయంత్రమే నర్సంపేట అన్నకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ డిస్క్‌లో వాళ్ల బాపు తీసిన పాత ఫోటోల స్కానింగ్‌లు ఉన్నాయి, అసలు నెగెటివ్‌లు ఇప్పుడు లేవు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పోయిందేదో పోయింది తమ్మీ, ఇంకోలది పోకుండ చూడు" అన్నడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

అందుకే ఈ నెలన్నర షాపులో ఆ పని ఆపేసి పద్ధతి మొత్తం మార్చాను. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే చోట తిరిగి యూఎస్‌బీకి తగిలించే జిప్ డ్రైవ్ ఒకటి తెచ్చాను, ఇంకోటి కరీంనగర్‌లో డీటీపీ మానేసిన ఒక పెద్దాయన ఊరికే ఇచ్చారు. ఇప్పుడు ఏ డిస్క్ వచ్చినా ముందు రేకు మూత జరిపి, లైటు కింద భూతద్దంతో అంచు చుట్టూ చూస్తాను. అంచు చిరిగినా, బూజు పట్టినా డ్రైవ్‌లో పెట్టను, మీకు ఫోన్ చేసి చెప్తాను. బాగున్నదైతే ముందు డిస్క్ మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా (దీన్ని ఇమేజ్ అంటారు) లైనక్స్‌లో కాపీ తీస్తాను, ఫైళ్లు వెతకడం ఆ కాపీలోనే, మీ డిస్క్ మళ్లీ తిరగదు. ఒక కస్టమర్ డిస్క్‌కూ ఇంకో కస్టమర్ డిస్క్‌కూ మధ్య నా ఖాళీ డిస్క్ ఒకటి పెట్టి, తీసి, దాని అంచు చూస్తాను. టైమ్ పడుతుంది. ఇంతకుముందు గంటలో ఇచ్చేవాణ్ని, ఇప్పుడు రెండు రోజులు అడుగుతాను, దయచేసి తొందర పెట్టకండి.

మీ దగ్గర డ్రైవ్ కూడా ఉంటే ఇంట్లో ప్రయత్నించే ముందు ఒక్క మాట. బయట పెట్టే 100 మెగాబైట్ల డ్రైవ్‌కు కావాల్సింది 5 వోల్టుల అడాప్టర్. పిన్ను సరిపోయింది కదా అని వైఫై రౌటర్‌ది 12 వోల్టులది పెడితే కాలిపోతుంది, అట్లా కాలినవి మా దగ్గరికి రెండు వచ్చాయి. డిస్క్ లోపల ఇరుక్కుంటే లాగకండి, కరెంటు తీసేసి వెనకాల ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కితే బయటికి వస్తుంది. కంప్యూటర్ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దు అనండి. టక్ టక్ మొదలైతే వెంటనే తీసేయండి, ఇంకో డ్రైవ్‌లో మాత్రం అస్సలు పెట్టకండి.

తెలుగు ఫైళ్ల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ వాడే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టి చేసినవి. అందుకే ఫైలు తెరుచుకున్నా ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. ఫైలు పాడైందనుకుని డిలీట్ చేయకండి! పేజ్‌మేకర్, ఆ పాత ఫాంట్లు ఉన్న కంప్యూటర్ ఒకటి ఇందుకోసమే ఉంచాను. మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను, కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ప్రూఫ్ మీరే ఒకసారి చూసుకోవాలి.

డిస్క్‌కు 200 రూపాయలు, డేటా రాకపోతే ఏమీ తీసుకోను. ఆదివారం తప్ప రోజూ పదింటి నుంచి ఉంటాను. నెలన్నరలో వెనక్కి పంపించిన వాళ్లలో నంబర్లు ఉన్నవాళ్లకు నేనే ఫోన్ చేస్తున్నాను, పరకాల సార్ నంబర్ తీసుకోలేదు, ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.

నర్సంపేట అన్న ఆ రోజు రెండు డిస్కులు ఇచ్చాడు. రెండోది డ్రైవ్‌లోకి పోలేదు కాబట్టి బతికింది. మొన్న ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే కాపీ తీశాను, డిస్క్ మొత్తం ఒక్క ఎర్రర్ లేకుండా వచ్చింది. అందులో వాళ్ల బాపు ఫోటోలు పదకొండు ఉన్నాయి.