"ఎందుకు" గడి తీసేయొద్దు

హైదరాబాద్, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రామూ,

నీ మెయిల్‌కి నెల తర్వాత జవాబు రాస్తున్నాను, క్షమించరా. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు ఫోన్లో.

నువ్వు అడిగింది మాత్రం ఇవాళ రాయకపోతే నాకు నిద్ర పట్టదు. వెబ్ టూల్‌లో ప్రతి రిక్వైర్‌మెంట్ (తయారుచేసే వస్తువు ఏం చేయాలో చెప్పే వాక్యం) పక్కనా "ఎందుకు" అని ఒక గడి పెట్టాం, సప్లయర్ వాళ్లూ మనవాళ్లూ ఎవరూ నింపట్లేదు, తీసేద్దామా అన్నావు కదా. తీసేయకు. ఐరోపా వాళ్ల రాకెట్ ఏరియాన్ 5 విఫలమైన మొదటి ప్రయోగం మీద 1996 జులైలో ఇచ్చిన విచారణ నివేదిక తీసి చదువు. ఆ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో అందులో ఉంది.

జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి రాకెట్ లేచింది. లేచిన సుమారు 30 సెకన్లకి, దిశా వేగమూ చెప్పే పరికరాలు రెండూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. రెండిట్లోనూ ఒకటే సాఫ్ట్‌వేర్ మరి. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు, అందులో పట్టేది 32,767 దాకానే. అందరూ కథ ఇక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

అలా పొంగిపోయే ప్రమాదం ఏడు విలువలకి ఉందని ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు, ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉంది కాబట్టి. ఆ మూడూ హద్దు దాటవు అనుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు నడిచిన పాత రాకెట్ ఏరియాన్ 4కి అది నిజమే! ఏరియాన్ 5లో అడ్డంగా వేగం పెరగడం అయిదు రెట్లు ఎక్కువ. వదిలేయడానికి కారణమేంటో కోడ్‌లో రాయలేదు, పత్రాల గుట్టలో ఎవరి కంటా పడలేదు. ఇంకోటి చెప్తే నీకు గుండె కలుక్కుమంటుంది. ఏరియాన్ 5 ప్రయాణ మార్గం లెక్కల్ని ఆ పరికరం రిక్వైర్‌మెంట్లలో చేర్చకూడదని భాగస్వాములంతా కలిసే ఒప్పుకున్నారు. కలిసేరా!

పైగా ఆ లెక్క చేస్తున్న భాగం రాకెట్ లేచాక ఏరియాన్ 5కి అక్కర్లేనే లేదు. కౌంట్‌డౌన్ ఆగితే త్వరగా మళ్లీ మొదలుపెట్టడానికి ఏరియాన్ 4లో పెట్టుకున్నది, లేచాక కూడా నలభై సెకన్లు నడుస్తూనే ఉంది.  

సరే, నువ్వు చేయాల్సింది ఇది. "ఎందుకు" గడిని రెండుగా విడగొట్టు. కారణం గడిలోనే ఉండనీ. ఏ ఊహ మీద ఆధారపడ్డామో దాన్ని మాత్రం సొంత ఐడీ ఉన్న వేరే అంశంగా, అంకెతో, కొలమానంతో రాయించు: "సరఫరా వోల్టేజి 9 నుంచి 16 వోల్టుల మధ్య ఉంటుంది." దాని మీద ఆధారపడిన ప్రతి రిక్వైర్‌మెంట్ నుంచీ దానికి లింకు గీయాలి. రేపు ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు 6కి పడిపోతుందని వాహనం టీమ్ వాళ్లు ఆ అంకె మార్చగానే లింకులన్నీ "అనుమానం" గుర్తుతో లేస్తాయి. అదే ఊహ వాక్యం మధ్యలో దాగి ఉంటే ఏ టూలూ పట్టుకోలేదు. లింకు గీయాల్సింది మనిషే, అది మర్చిపోవద్దు.

ఆ అనుమానం గుర్తు వాక్యం మారినా, అంకె మారినా మాత్రమే పడేలా పెట్టు. స్టేటస్ మారినా, ఓనర్ పేరు మారినా పడితే సోమవారానికి వందల గుర్తులు పోగవుతాయి, జనం చదవకుండా అన్నీ ఒకేసారి తుడిచేస్తారు. అక్కడే చచ్చిపోతాం.

గడిని మొదట్లోనే తప్పనిసరి చేయకు. చేస్తే ఒక చుక్క పెట్టేస్తారు, లేదంటే "కస్టమర్ అడిగారు" అని రాసేస్తారు. డ్రాఫ్ట్‌లో ఖాళీగా ఉన్నా పర్లేదు, ఆమోదం మెట్టు దగ్గర మాత్రం ఖాళీ గడితో ముందుకి కదలనివ్వకు. కామెంట్లలో తేలిన నిర్ణయాన్ని ఆ చర్చ మూసేలోపు ఈ గడిలోకి ఎక్కించాలి. మూసిన కామెంట్‌ని మళ్లీ ఎవరూ తెరవరు.

పాత ప్రాజెక్టు మాడ్యూల్ (రిక్వైర్‌మెంట్ల కట్ట) కాపీ చేస్తారే, దానికి భయపడు. కాపీతోపాటు "ఆమోదం" అన్న ముద్ర కూడా వచ్చేస్తే అది కచ్చితంగా ఏరియాన్ 4 సాఫ్ట్‌వేర్‌ని ఏరియాన్ 5లో పెట్టిన తప్పే. కాపీ అయిన ప్రతి ఊహనీ డ్రాఫ్ట్‌కి దించి, కొత్త వాహనం అంకెతో మళ్లీ చూడమను.

ఇక సప్లయర్‌కి రెక్‌ఇఫ్ ఫైల్ (రిక్వైర్‌మెంట్లని ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి పంపే ఫార్మాట్) పంపేటప్పుడు. అందులో లింకులు రిక్వైర్‌మెంట్ లోపల ఉండవు, వేరే వస్తువులుగా వెళ్తాయి. ఎగుమతిలో ఆ లింకు రకాన్నీ, ఊహల మాడ్యూల్‌నీ ఎంచుకోకపోతే వాళ్లకి చేరేది ఒట్టి వాక్యాలే, "ఎందుకు" మన దగ్గరే ఉండిపోతుంది. ముందు బేస్‌లైన్ (అప్పటికి ఉన్నది ఉన్నట్టు దాచిన ప్రతి) తీసి పెట్టుకో. ఒక పది రిక్వైర్‌మెంట్లతో పంపి, వాళ్లని ఒకటి మార్చి, ఒకటి తొలగించి, ఒకదాని చోటు జరిపి తిప్పి పంపమను. టేబుళ్లూ బొమ్మలూ చెదిరిపోయాయేమో చూడు. వాళ్లు గనక పాతదాన్ని దిద్దకుండా కొత్తదిగా సృష్టించి వాక్యం అతికిస్తే, లోపలి గుర్తింపు మారిపోతుంది, అప్పుడు మన లింకులు తెగి...

చిన్నదాన్ని డాన్స్ క్లాస్ నుంచి తీసుకురావాలిరా, టైమైపోయింది. మిగతాది రాత్రికి రాస్తాను. గడి మాత్రం తీసేయకు.

నీ
శీను