షెంగ్ లాంగ్ అసలు మనిషే కాదురా

ఒసాకా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ తమ్ముడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నాలుగు నిమిషాల్లో అమ్మ మోకాళ్ళ గురించి పది సెకన్లు, మిగతాదంతా స్ట్రీట్ ఫైటర్, అదే ఆ కొట్లాట వీడియో గేమ్. నలభై దాటాయిరా నీకు! "క్యాప్‌కామ్ వాళ్ళదీ ఆ ఊరే కదక్కా, గౌకెన్ ఈసారైనా ఆటలోకి వస్తాడేమో కనుక్కో" అంటావు. ఆ ఆట తయారుచేసేవాళ్ళ ఆఫీసు తానిమాచి వైపు, కోటకి దగ్గర్లోనే ఉన్న మాట నిజమే. నేను మెట్రోలో ఆ దారినే వెళ్తాను కూడా. అయితే? తెనాలిలో పుట్టినంత మాత్రాన సినిమావాళ్ళంతా మనకి చుట్టాలయ్యారా?

గౌకెన్ సంగతి ఏమోగానీ, ముప్ఫై ఏళ్ళ కిందటి విషయం ఒకటి నిన్న తెలిసింది. అది చెప్పాలనే రాస్తున్నాను.

బస్టాండ్ వెనక వీడియో గేమ్ షాపు గుర్తుందా? నేను ఎనిమిదో తరగతి, నువ్వు అయిదు. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎవరూ అనలేదు గానీ ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను గుమ్మం దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు నువ్వు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళావు. ఆటలో హీరో ర్యూ గెలిచి నిలబడ్డాడు, కింద ఇంగ్లీషులో ఏదో ఉంది, "చదువక్కా తొందరగా, పోతుంది" అని నీ గోల. నీ చుట్టూ ఆరేడుగురు, అందరి మొహాల మీదా ఆ తెర వెలుగు. నేను చదివి, పెద్ద పండితురాలిలా తెలుగులో చెప్పాను: "షెంగ్ లాంగ్‌ని ఓడిస్తేనే నీకు నాతో గెలిచే అవకాశం."

అంతే. ఎవడు ఈ షెంగ్ లాంగ్? ర్యూకి గురువని ఒకడు, గడ్డం ఉంటుందని ఇంకొకడు. ఒక్క దెబ్బ కూడా తినకుండా చివరిదాకా వెళ్తే ఆఖరి విలన్ బైసన్‌ని పక్కకి విసిరేసి వాడే వస్తాడని షాపు అన్న. పైగా ఆ షాపులో ఉన్నది ఎవరో మార్చేసిన దొంగ బోర్డాయె! స్టార్ట్ నొక్కితే ఆట మధ్యలో ర్యూ కాస్తా చున్‌లీ అనే ఆడ ఫైటర్ అయిపోయేవాడు, గాల్లోంచి నిప్పులు వరసపెట్టి రాలేవి. అలాంటి మిషన్ ముందు నిలబడ్డవాడు ఏం చెప్పినా నమ్మడా?

నిన్న మా ఆఫీసులో పక్క సీటావిడ పాత ఆటలుండే గేమ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. మూల ఒక స్ట్రీట్ ఫైటర్ 2 మిషన్. వంద యెన్ బిళ్ళ వేశాను. మొదటి ఆటలో ఆవిడే గెలిచింది, ర్యూతో. తెర కింద అదే మాట, జపనీస్‌లో. ఈసారి చదవగలిగాను కదా, చదివి అక్కడే నిలబడిపోయాను. "షోర్యూకెన్‌ని ఛేదించనంతవరకు నువ్వు గెలవలేవు." షోర్యూకెన్ అంటే అదేరా, మనం నోటికొచ్చినట్టు అరుస్తూ గాల్లోకి ఎగిరి కొట్టే గుద్దు. పైకి లేచే డ్రాగన్, పిడికిలి. ఆ మొదటి రెండు అక్షరాల్నే చైనీస్‌లో చదివితే షెంగ్ లాంగ్. ఇంగ్లీషు చేసినవాళ్ళు దాన్ని మనిషి పేరులా రాసిపెట్టారు. దాన్ని నేను తెలుగు చేసి మీ అందరి నెత్తినా రుద్దాను.

దెబ్బ తినకుండా వెళ్ళడమనే కథ ఎక్కడిదో కూడా దొరికింది. ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ అనే అమెరికా పత్రిక 1992 ఏప్రిల్ సంచికలో ఫూల్స్ డే కోసం అల్లిందట. ర్యూతో ఎక్కడా దెబ్బ తినకూడదు, చివర బైసన్ దగ్గర ఒకర్నొకరు తాకకుండా పదిసార్లు టైమ్ అయిపోనివ్వాలి, అప్పుడు ఆయన దర్శనమిస్తాడు. అది కట్టుకథని ఆ ఏడాది డిసెంబర్‌కి గానీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్ మాట మన బస్టాండ్ దాకా ఎలాగూ రాదు. పుకారుకి దొరికే బస్సు దిద్దుబాటుకి దొరకదు.

ఈ బైసన్ పేరుతో నేను ఇంకో అభాసు కూడా చేశాను. ఆవిడతో బైసన్ గురించి మాట్లాడుతుంటే ఆవిడ బాక్సర్ గురించి చెప్తోంది! ఇక్కడ బాక్సర్ పేరే బైసన్. మైక్ టైసన్‌తో గొడవొస్తుందని అమెరికాకి పంపేటప్పుడు ముగ్గురి పేర్లు అటూ ఇటూ మార్చేశారు. మన బైసన్ ఇక్కడ వేగా.

ఇంతకీ లేని మనిషి కోసం అంతమంది ఎదురుచూస్తే ఏమైందో చూడు. 1994లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో, బాగా ఆడినవాడికి చివర్లో బైసన్‌ని ఒక్క వేటుతో పడగొట్టి అకుమా అనే రహస్య ఫైటర్ వచ్చి నిలబడ్డాడు. పత్రికలో రాసిన కథకి దగ్గర దగ్గరగా అదే. ర్యూకీ, అతనితో కలిసి నేర్చుకున్న కెన్‌కీ నిజంగా గురువుగా గౌకెన్‌ని కూడా కథలో పెట్టారు, అకుమా చేతిలో చనిపోయాడన్నారు, 2008లో మొదలైన స్ట్రీట్ ఫైటర్ 4లో బతికే ఉన్నాడని తీసుకొచ్చారు. నీ గౌకెన్ అలా పుట్టినవాడే.

కాబట్టి చచ్చినవాడు మళ్ళీ వస్తాడా అని నన్ను అడగకు. ఐదో భాగంలో పోయిన బైసన్ 2024లో ఆరో భాగంలోకి రానే వచ్చాడు. ఇంకో పాత ఫైటర్ సాగత్ 2025 ఆగస్టులో వచ్చాడు. అయినా నాకు ఇప్పటి ఊహాగానాల్లో పెద్ద రుచి లేదురా. ఏడాదికి నలుగురు ఫైటర్లు, పేర్లు ముందే చెప్పి డబ్బులు తీసుకుంటారు. ఇక ఊహించడానికి ఏముంది?

పాతవాళ్ళే కావాలని నువ్వు పట్టుబట్టడం మాత్రం నాకు అర్థమవుతుంది. 1997లో మూడో భాగంలో దాదాపు అందరూ కొత్తవాళ్ళే, ర్యూ, కెన్ తప్ప. జనం మొహం చిట్లించారు. 1999లో అదే భాగం మూడో విడతకి చున్‌లీని తేక తప్పలేదు. ఆరో భాగం మొదలైనప్పుడైతే మనం ఆడిన ఎనిమిదిమందీ ఉన్నారు, మన దేశపు యోగి దాల్సిమ్‌తో సహా. వాడి మెడలో పుర్రెల దండ గుర్తుందా, చూసి భయపడేదాన్ని. వాళ్ళ ఊళ్ళో మహమ్మారికి పోయిన పిల్లల పుర్రెలట అవి. తెలిశాక వాడంటే జాలేస్తోంది.

మేనల్లుడికి ఒక ర్యూ బొమ్మ కొన్నాను, అమ్మకి మోకాలి పట్టీలతో పాటు పంపిస్తాను. మరదల్ని అడిగానని చెప్పు.

ఇంకొకటి. షెంగ్ లాంగ్‌ని చూడాలని నువ్వు వరసగా వారంరోజులు వెళ్ళావు, దండెం మీద నాన్న చొక్కాలో డబ్బులు పోతున్నాయని నీకు దెబ్బలు పడ్డాయి. అందులో సగం రూపాయలు తీసింది నేను. గుమ్మం దగ్గర నిలబడి ఊరికే చూస్తున్నానని నువ్వు అనుకున్నావు గానీ, నువ్వు ట్యూషన్‌లో ఉన్నప్పుడు నేనూ ఆడాను. నాన్నకి ఇప్పుడు కూడా చెప్పకు.

అక్క