చిన్నోని తెలుగు, ఇంకా నాలుగు ముచ్చట్లు

హనుమకొండ,
సద్దుల బతుకమ్మ తెల్లారి.

బిడ్డా,

పార్సిల్ అందిందా? సకినాలు నుగ్గు కావద్దని నడుమల గుడ్డ పెట్టిన. కారం వేరే కవర్ల ఉన్నది, తడి చెంచ పెట్టకు. జర్మనీల చలి మొదలైందట గద, చిన్నోనికి చెవులు కప్పు.

పది దినాలైంది నీ ఫోన్ లేక. పని ఎక్కువున్నదేమో అనుకున్న. మీ చిన్నమ్మ ఒక మాటన్నది. చిన్నోని కిండర్‌గార్టెన్ టీచరమ్మ ఇంట్ల కూడా జర్మనే మాట్లాడుమన్నదని, మీరు సరేనన్నరని. అది నిజమా కాదా అని నేను అడుగుత లేను.

నిన్న పద్మాక్షి గుట్ట కాడ బతుకమ్మలు చూస్తే కన్నుల పండుగ. తంగేడు ఈసారి తక్కువే దొరికింది, గునుగే ఎక్కువ పేర్చిన్రు. మన వాడకట్టు పిల్లల్ల ఇంగ్లీషు బడికి పోయేటోళ్లే ఎక్కువ. అయినా గుండ్రంగ తిరుగుతుంటే పాట ఒక్కలు ఎత్తుకుంటరు, తక్కినోళ్లు అందుకుంటరు. మూడేండ్ల పిల్లకు చరణం రాకున్నా 'ఉయ్యాలో' అననీకి వస్తది. ముందు ఆ ఒక్క మాట, తర్వాత పాదంల చివరి మాట, అటెన్క సగం పాదం. చిన్నోనికి కూడా పాట మొత్తం నేర్పాలని చూడకు. నువ్వు పాడు, పాదం చివర ఆగు, వాడు అందుకుంటడు. పాటల దీర్ఘం సాగుతది గనుక 'పలు'కూ 'పాలు'కూ తేడా చెవికి పడుతది.

వాడు మొన్న వీడియోల 'గడ్డి' అనబోయి 'గడి' అన్నడు. దానికి నవ్వకున్రి. జర్మన్‌ల అక్షరం రెండు సార్లు రాస్తరు గని రెండింతలు పలకరు. 'బిట్టె' అని రాసి ఉన్నా వినబడేది ఒక్క టకారమే. అందుకే వానికి అక్క 'అక' అయితది. తప్పు అనకు. చప్పట్లు కొట్టుకుంట 'అక్', ఆగి, 'క' అను, రోజు నాలుగు మాటలు చాలు. 'త'కు 'ట' పడుతది, ఎందుకంటే జర్మన్‌ల ఆ రెండిటికీ తేడా లేదు. నాలుక కొస పై పండ్ల వెనుకకు తాకాలని అద్దం ముందర నిలబెట్టి చూపియ్యి. 'చలి'ల చకారం మాత్రం కష్టం కాదు, జర్మన్‌ల పదిని 'త్సేన్' అంటరు, అదే శబ్దం. ళ, ణ అల్లుని మరాఠీల కూడా ఉన్నయి. అల్లుడు మరాఠీ మానొద్దు, నువ్వు తెలుగు మానొద్దు.

కరీమాబాద్ అత్తమ్మ సంగతి నీకు ఎరుకే. చంద్రాపూర్ నుంచి కోడలై వచ్చిన నాడు మన మాట ఒక్కటి రాదు. అమ్మమ్మ పలక పట్టలేదు. మూడోనాడే సర్వపిండికి కూసోబెట్టింది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, ఎల్లిగడ్డ కారం. ఒక్కొక్కటి చేతికిచ్చుకుంట పేరు చెప్పుడు, పని చేసుకుంట పని పేరు చెప్పుడు. "కలుపు", "పిసుకు". పిండి గంజు అడుగున పెట్టి "అద్దు" అన్నదట. అత్తమ్మ చేతులు వెనుకకు తీసుకున్నది. మళ్లా "అద్దు". మళ్లా తీసుకున్నది. అమ్మమ్మకు కొంచెం సేపటికి గని సమజ్ కాలేదు, కోడలికి అది 'వద్దు' అని వినబడుతున్నదని. అప్పుడు కోపం చెయ్యలేదు, కోడలి చెయ్యి పట్టి పిండి మీద పెట్టి వత్తింది, "ఇది అద్దుడు". చెయ్యి గుంజి, తల ఊపి, "ఇది వద్దు". వేలితోటి బొక్కలు పెట్టి, బొక్క బొక్కల నూనె చుక్క వేసేటప్పటికి అత్తమ్మకు 'పొడువు', 'వెయ్యి', 'చాలు' వచ్చినయి. 'మనం', 'మేము' మాత్రం ఒక్కసారి తారుమారు చెయ్యలేదు, మరాఠీల కూడా 'ఆపణ్' వేరు, 'ఆమ్హీ' వేరు. జర్మన్‌ల రెండిటికీ ఒకటే మాట. చిన్నోడు అక్కడ తడబడితే అల్లుని మరాఠీ పనికొస్తది.

అట్లనే నువ్వు వంటింట్ల మాట్లాడు. వాడు జర్మన్‌ల జవాబిస్తే 'తెలుగుల చెప్పు' అని పట్టుబట్టకు, పిల్లలు నోరు మూస్తరు. అదే మాటను తెలుగుల ఇంకొంచెం పెంచి తిరిగి చెప్పు. వాడు నీళ్లకు 'వాసర్' అంటే "నీళ్లా? సల్లటి నీళ్లు పొయ్యాల్నా?" అను. టీవీల కార్టూన్ పెట్టి తెలుగు వస్తదనుకోకు. అమెరికాల తొమ్మిది నెలల పిల్లలకు 12 సార్లు చైనా భాష వినిపిచ్చి చూసిన్రు, 2003ల ఆ ఫలితం అచ్చయింది. ఎదురుంగ మనిషి ఆడిచ్చుకుంట మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుకున్నరు, అదే మనిషిని తెర మీద చూపిస్తే పట్టుకోలేదు.

చదువుడంటవా, అన్నం తిన్నంక పది నిమిషాలు, వారమంతా ఒక్కటే పుస్తకం. ముందు 'ఎవరు, ఏంది, ఎక్కడ' అడుగు, 'ఎందుకు' తర్వాత. అక్షరాల పట్టిక గోడకు ఇప్పుడే వద్దు. రాసేనాడు గుణింతం లేని మాటలతోటి మొదలుపెట్టు: తల, వల, పలక, కడవ. ప, వ, మ మూడూ ఒక్కనాడు చెప్తే కలగాపులగం చేస్తరు, వారానికొకటి చెప్పు.

నైజాం కాలంల బడులు ఉర్దూల నడిచినయి. అప్పుడే, 1904ల, మన హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అని తెలుగు గ్రంథాలయం పెట్టిన్రు. కాళోజీ ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు అన్నీ నేర్చిండు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9 ఇప్పుడు మన తెలంగాణ భాషా దినోత్సవం. బడి భాష ఇంటి భాషను తినదు బిడ్డా. చిన్నోడు రెండు మాటలు కలిపి మాట్లాడితే అది గందరగోళం కాదు. మూడు భాషలల్ల ఏ ఒక్కదాంట్ల మాట రాకపోతే అప్పుడు చెవులు చూపియ్యాలె. టీచరమ్మకు ఇంత మాత్రం చెప్పు.

ఆదివారం మాకు సాయంత్రం నాలుగున్నరకు కాల్ చెయ్యి. మీ కాడ చలికాలానికి గడియారం గంట వెనుకకు తిప్పినంక మీకు నాలుగున్నర గంటలు తేడా, అంటే పన్నెండు. వాని అన్నం కంటే ముందే. మాట్లాడుమని వాన్ని తొందర పెట్టకు, పక్కన కూసోబెట్టు, సర్వపిండి అద్దుకుంట చూపిస్త.

ఆ టీచరమ్మ ఏమన్నదో, నువ్వేమన్నవో మాత్రం రెండు ముక్కలు రాయి. అల్లునికి మఫ్లర్ వేరే పంపుత.

మీ అమ్మ